ఎల్లారావు బిగింపు

ఎల్లారావు బిగించిన బోల్టు విప్పాలంటే మళ్ళీ ఎల్లారావే రావాలి. మల్కాపురంలో స్కూటరున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఏ మెకానిక్కైనా బండి పక్కన కూలబడి, స్పానర్ మీద కాలేసి తొక్కుతూ బూతులు తిడుతున్నాడంటే ఆ బండి అంతకుముందు ఎల్లారావు చేతిలో పడిందని అర్థం. ఒక్క బోల్టులేమిటి? వాళ్ళింట్లో కుళాయి అతను కట్టేస్తే అతని భార్య ఈశ్వరి రెండు చేతులా తిప్పినా బొట్టు రాలదు. ఆవకాయ సీసాకు అతను మూత పెట్టాడంటే ఆ పూటకి పచ్చడి లేనట్టే. "మా ఆయన మూతెట్టిన సీసా మా మనవలొచ్చి తియ్యాల" అని ఆవిడ వీధి వీధంతా వినేలా చెప్పేది.

నా పేరు సన్యాసిరాజు. ఎల్లారావు షెడ్డు పక్కనే నాది ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. మాది గజపతినగరం వైపు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడటం, పిల్లలకు వేరుశనక్కాయలు కొనిపెట్టి ఇంటికి రావడం, అంతవరకే మాకు దానితో సంబంధం. అతనిది గంగవరంలో తరతరాలుగా చేపల వేట చేసే కుటుంబం. అలాంటిది అతను ఇక్కడ స్కూటర్లూ పడవల ఇంజిన్లూ బాగుచేసుకుంటూ ఎందుకున్నాడో నేను చాలాకాలం అడగలేదు. మా రెండు కొట్లకూ మధ్య గోడ ఒక్కటే, పొద్దున్న టీ కూడా ఒక్క గ్లాసులోంచి పంచుకునేవాళ్ళం, అయినా అడగలేదు.

నాకు కోపమెక్కువ అంటారు. ఎక్కువేమీ కాదు, కారణం ఉన్నప్పుడే వస్తుంది. ఆ రోజుల్లో ముఖ్య కారణం నా బల్ల మీది అద్దం. మూతపడిన హోటలువాడి దగ్గర కొన్నాను, వేలు మందం ఉంటుంది, చెరువు నీళ్ళలా చదునుగా ఉంటుంది. దాని కింద లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి, సింహాచలం అప్పన్న బొమ్మలు పరిచి పెట్టుకున్నాను. దాని మీద టీ గ్లాసు పెట్టినవాడిని కూడా నేను క్షమించేవాడిని కాదు. ఎల్లారావు మాత్రం నూనె ఓడుతున్న ఇనప సామాను తెచ్చి దాని మీదే పెట్టేవాడు.

తొంభై ఏడులో, వానలు మొదలైన రోజుల్లో, వాసు పడవ ఇంజిను గొడవ వచ్చింది. వాసు ఎల్లారావు చెల్లెలు సాయిదుర్గ భర్త. పడవ తోకకు తగిలించుకునే పాత ఇంజిను ఒకటి అతనికుంది. దాన్ని పెట్రోలుతో స్టార్టు చేస్తారు, వేడెక్కాక కిరోసిన్‌కు మారుస్తారు. ఆ మార్చే సమయంలో అది ఆగిపోతోంది. ఎల్లారావు చూసి, కార్బొరేటర్ దగ్గర గాలి లీకవుతోందన్నాడు. కార్బొరేటరంటే ఇంజిను నోరనుకోండి. నూనె ఎంత, గాలి ఎంత మింగాలో అది చూసుకుంటుంది. దాన్ని ఇంజినుకు రెండు బోల్టులతో బిగిస్తారు, మధ్యలో అట్టముక్కలాంటి ప్యాకింగు ఉంటుంది. ఆ అతుకులోంచి దొంగగాలి దూరిందంటే ఇంజినుకు పొలమారుతుంది.

ఎల్లారావు దానికి చేసిన వైద్యం మీరు ఊహించవచ్చు. ఇంకొంచెం మందం ప్యాకింగు కోసి పెట్టాడు, బోల్టులు ఇంకొంచెం బిగించాడు. ఇంజిను నాలుగు రోజులు నడిచి మళ్ళీ ఆగింది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి బిగించినప్పుడు స్పానర్‌కు ఇనప గొట్టం తొడిగి తిప్పడం నేను కళ్ళారా చూశాను. "తెగేదాకా లాగకూడదంటారు ఎల్లారావూ" అన్నాను. "తెగినా పర్లేదు బావా, ఒదులవ్వకూడదు" అన్నాడు.

ఆ మూడోసారి ఇంజిను ఒడ్డుకు దూరంగా, లంగరేసిన ఓడల దగ్గర ఆగిపోయింది. గాలి ఓడల మీదికి కొడుతోంది. వేరే పడవవాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు కాబట్టి సరిపోయింది, చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారే, అలా వచ్చిపడ్డాడు వాసు. మర్నాడు వాసు తల్లి పోతమ్మ గంగవరం బస్సు దిగి, చేపల తట్ట నెత్తిమీదే ఉండగా నేరుగా ఎల్లారావు షెడ్డుకు వచ్చింది. తట్ట దించలేదు. తట్ట దించకుండా మాట్లాడిందంటే ఆవిడ తీర్పు చెప్పడానికే వచ్చిందని మా వీధికి తెలుసు.

"ఒరే ఎల్లారావూ, నా కొడుకు ఏటకెల్నాడా, ఈడ్పించుకోడానికెల్నాడా?"

"అత్తా, ఈపాలి..."

"ఈపాలేటి, ఈపాలి! మూడు పాల్లయినాది. సూడు, నువ్వు మావోడివని ఊరుకున్నాను. ఇంకొక్కపాలి బాగుసెయ్యి. సేసి, ఆడితోపాటు నువ్వూ పడవెక్కు. నువ్వు సేసిన ఇంజిను మీద నీకు నమ్మకముంటే బయమేటి? ఎక్కనంటావా, ఇప్పుడే సెప్పీ. పడవమ్మేసి ఆడు పోర్టులో మూటలు మోసుకుంటాడు."

 ఎల్లారావు మొహంలో నెత్తురు లేదు. పోతమ్మ కాసేపు చూసి, "శుక్రారం పొద్దున్న ఒడ్డుకి రా" అని వెళ్ళిపోయింది.

అతను ఎందుకలా అయిపోయాడో ఆ సాయంత్రం ఈశ్వరి చెప్పింది. పెళ్ళికి ముందు ఎల్లారావు తన తండ్రి జగ్గయ్యతో తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. తెప్పంటే దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టేది. ఒడ్డుకు రాగానే తాళ్ళు విప్పి దుంగలు ఆరేస్తారు, వెళ్ళేముందు మళ్ళీ కడతారు. ఒకరోజు తోకవైపు ముడి ఎల్లారావు కట్టాడు. అల మీద తెప్ప లేచినప్పుడు ఆ ముడి జారింది. దుంగలు విడిపోయి, మళ్ళీ వచ్చి కొట్టుకునేటప్పుడు మధ్యలో జగ్గయ్య కుడిచేయి ఉంది. చేయి మిగిలింది కానీ వేళ్ళు మిగల్లేదు. జగ్గయ్య కొడుకుని ఒక్కమాట అనలేదు. ఎడమచేత్తో వలలు అల్లడం నేర్చుకున్నాడు. ఎల్లారావు మాత్రం మళ్ళీ సముద్రంలో కాలుపెట్టలేదు. తండ్రీకొడుకులు కలిస్తే కరెంటు కోత గురించి మాట్లాడుకునేవారు, బియ్యం గురించి, బస్సుల గురించి మాట్లాడుకునేవారు. సముద్రం మాట మాత్రం వచ్చేది కాదు.

"అప్పట్నించీ ఆ సేతులకి ఏదీ బిగిసినట్టనిపించదు రాజు బావా" అంది ఈశ్వరి. సీసా మూతల గురించి అంతకాలం నవ్విన మనిషి ఆ రోజు నవ్వలేదు.  మనిషిని వేళాకోళం చెయ్యడం సులువే, ఎందుకలా ఉన్నాడో తెలిశాక నోరు రాదు.

మర్నాడు ఎల్లారావు ఆ కార్బొరేటర్ విప్పి, కడిగి, మామూలుగానే తెచ్చి నా అద్దం మీద పెట్టాడు. నాకు మామూలుగానే కోపం వచ్చింది. సరిగ్గా అప్పన్న మొహం మీద కిరోసిన్ మరక పడింది. తీసెయ్యమందామని వంగేసరికి ఒకటి కనిపించింది. రోజంతా అద్దానికీ అట్టకీ మధ్య సందు లేకుండా చూసుకోవడమే నా పని. సందు ఉందంటే నా కన్ను ఊరుకోదు. కార్బొరేటర్‌లో ఇంజినుకు ఆనే మొహం అద్దం మీద పూర్తిగా కూర్చోలేదు. బోల్టులు పట్టే రెండు చెవులూ అద్దానికి తగులుతున్నాయి. మధ్యలో, వీధిలోంచి వస్తున్న వెలుతురు సన్నగా ఇటునుంచి అటు కనిపిస్తోంది.

"ఎల్లారావూ, ఇది వంకర పోయింది."

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "నీ అద్దమే వంకర" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ మాట అనేసరికి నా తల తిరిగిపోయింది. నన్నంటే పడతాను, నా అద్దాన్నంటే పడను. కార్బొరేటర్‌ను అద్దం మీద నాలుగు వైపులా తిప్పి పెట్టాను. ఎక్కడ పెట్టినా వెలుతురే. దేవుడి పటాలకు అతికించే పల్చటి బంగారు కాగితం చింపి ఆ మధ్యలోకి తోశాను. ఈ పక్కనుంచి దూరి ఆ పక్కకు వచ్చేసింది. చెవుల కింద తోశాను. దూరలేదు. "ఇప్పుడు చెప్పు, ఇది ఎక్కడికెళితే అక్కడికి నా అద్దం వంకర కూడా నడిచొస్తోందా?"

ఎల్లారావు బల్ల పక్కనున్న పీట మీద కూర్చుండిపోయాడు. అతను తెలివితక్కువవాడు కాదు, చూడగానే మొత్తం అర్థమైంది. అది పోతపోసిన మెత్తటి లోహం. చెవులు పట్టుకుని బిగించినకొద్దీ అవి ఇంజినువైపు వంగాయి, అవి వంగినకొద్దీ మధ్యలో ఎడం వచ్చింది. ఎడం వచ్చిందని మందం ప్యాకింగు పెట్టి ఇంకా బిగించాడు. లీకు ఆపుతున్నాననుకున్న చెయ్యే లీకు పెంచుతూ వచ్చింది.

"నానే సేసినాను" అన్నాడు నెమ్మదిగా. "వాసుగాడు ఓడల మీదకి కొట్టుకుపోయింది నా సేతి వల్లే."

ఆ మాటన్న మనిషిని ఇక ఏమంటాం? టీ తెప్పించాను.

కొత్తది వేద్దామంటే ఆ మోడలు ఎప్పుడో ఆపేశారు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత సామాన్ల కొట్లన్నీ తిరిగొచ్చాడు, దొరకలేదు. సుత్తితో కొట్టి సాపు చెయ్యొచ్చు కదా అన్నాను. అతను షెడ్డులోంచి ఇంకో పాత కార్బొరేటర్ తెచ్చి చూపించాడు. దానికి ఒక చెవి లేదు. అది కూడా సుత్తితో సాపు చేసినదేనట, బిస్కట్టులా విరిగిందట. ఇక మిగిలింది ఒకటే దారి, రుద్దడం. ముందుకు వంగిన చెవులు అరిగి మధ్య భాగంతో సమానమయ్యేదాకా, చదునైన దాని మీద, తడిపి వాడే గరుకు కాగితం, నీళ్ళ కాగితం అంటారు, అది వేసి రుద్దడం. చదునైనది మా వీధి మొత్తానికి ఏముందో చెప్పక్కర్లేదు.

అతను అడగలేదు. అద్దం వంక చూసి, నా వంక చూసి, తల దించుకున్నాడు. నేను లక్ష్మీదేవినీ అప్పన్ననూ కింద నుంచి తీసి పక్కన పెట్టుకుని, "గీత పడిందో, నీ సంగతి చెప్తా" అన్నాను.

నీళ్ళ కాగితం తడిపి అద్దానికి అతికించాడు. దాని మీద కార్బొరేటర్ మొహాన్ని బోర్లా పెట్టి, ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పడం మొదలుపెట్టాడు. ముందు గట్టిగా అదిమాడు. తీసి చూస్తే ఒక చెవి ఎక్కువ అరిగింది, రెండోది తక్కువ. ఇలా పోతే వంకర తీయబోయి ఏటవాలు చేసేలా ఉన్నాడు. ఎల్లారావు చేతులు తీసేసి, చొక్కాకు తుడుచుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ పట్టుకున్నాడు, ఈసారి వేళ్ళ కొసలతో. దాని బరువే దాన్ని రుద్దుతోంది, అతను ఊరికే నడిపిస్తున్నాడు. అదిమితే పని చెడుతుందని అతని చేతులు జీవితంలో మొదటిసారి నేర్చుకుంటున్నాయని నాకు అనిపించింది. ముందు రెండు చెవులే మెరిశాయి. తర్వాత మెరుపు కొంచెం కొంచెంగా లోపలికి పాకింది. బుధవారం పోయి గురువారం మధ్యాహ్నానికి మొహమంతా ఒక్కటే మెరుపు. నా బంగారు కాగితం ఏ పక్క నుంచీ దూరలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "బిగించాల కదా, బావా" అన్నాడు.

అదీ అసలు భయం. సాపు చేసింది అద్దం. రేపు బిగించాల్సింది మళ్ళీ ఆ చెయ్యే. ఫ్రేము వెనక మేకు కొట్టేటప్పుడు ఇంకో దెబ్బ వేస్తే గట్టిగా ఉంటుందనే అనిపిస్తుంది, ఆ దెబ్బకే అద్దం పగులుతుంది అని నేనేదో చెప్పబోయాను. అతను వింటున్నట్టు లేడు. లేచి షెడ్డులోకి వెళ్ళి, తన స్పానర్‌ను బల్లకున్న ఇనప పట్టు, వైసులో బిగించి, రంపంతో సగానికి కోసేశాడు. మిగిలిన పొట్టి ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని నాకు చూపించాడు. దానికి గొట్టం తొడగలేరు, అరచెయ్యి ఆనదు, ఎంత బలమున్నా ఉపయోగం లేదు. పల్చటి ప్యాకింగు ఒక్కటే పెట్టి, ఈ బోల్టు కొంచెం, ఆ బోల్టు కొంచెం తిప్పుతూ బిగించాడు. ఆఖరున ఇంకో చుట్టు తిప్పబోయి, స్పానర్ జేబులో పెట్టేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న సాగనంపడానికని నేనూ గంగవరం వెళ్ళాను. అదే నేను చేసిన పొరపాటు. పోతమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "అద్దమిచ్చినోడివి నువ్వేనా?" అంది.

"అవునండి" అన్నాను కాస్త గొప్పగానే.

"అయితే నువ్వూ ఎక్కు."

నేను రాజుల పేరున్నవాణ్ణి, కోపిష్టివాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. పోతమ్మ ముందు ఇవేవీ పనిచెయ్యలేదు. లుంగీ ఎగ్గట్టి ఎక్కాను. ఎల్లారావు ఎక్కడానికి నాకంటే ఎక్కువసేపు పట్టింది. నీళ్ళు మోకాలిదాకా రాగానే ఆగిపోయాడు. ఇసుకలో కూర్చుని వల అల్లుతున్న జగ్గయ్య తల ఎత్తి చూశాడు. ఎల్లారావు పొట్టి స్పానర్ తీసి నా చేతిలో పెట్టాడు. "నీకాడ ఉంచు బావా. నా కాడుంటే సెయ్యి ఊరుకోదు" అని పడవ అంచు పట్టుకుని పైకి లేచాడు.

ఇంజిను పెట్రోలు మీద బాగానే నడిచింది. నేను మాత్రం నడవలేదు. రెండో అల దాటేసరికి పొద్దున్న తిన్న ఇడ్లీలు సముద్రానికి సమర్పించుకున్నాను. ఒడ్డు చిన్నదయింది, కొండ చిన్నదయింది. వాసు వెనక్కి తిరిగి, "బావా, మార్సేత్తన్నాను" అన్నాడు. కిరోసిన్‌కు మార్చాడు.

ఇంజిను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. శబ్దం సన్నబడింది.  ఎల్లారావు కళ్ళు ఆ రెండు బోల్టుల మీదే ఉన్నాయి.

"ఓ సుట్టు తిప్పీ బావా!" అని అరిచాడు వాసు. "బిగించీ!"

ఎల్లారావు నా వైపు చెయ్యి చాపాడు. నేను బొడ్లోంచి స్పానర్ తీసి అతనివైపు చాపాను. ఇవ్వకూడదని తెలుసు, కానీ ఆ క్షణంలో అడిగి ఉంటే నా ప్రాణం కూడా ఇచ్చేసేవాణ్ణి, నిజం చెప్తున్నాను. అతని వేళ్ళు స్పానర్‌కు తగిలాయి. తగిలి, అక్కడే ఆగాయి. అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సాల్రా వాసూ. సరిపోనాది. దాన్నొగ్గీ."

ఇంజిను మూడోసారి దగ్గి, గొంతు సర్దుకుంది. నల్లటి పొగ ఒక్కసారి కక్కి, ఆ తర్వాత అందుకుంది. చప్పుడు ఒకే తీరున, ఎక్కడా తడబాటు లేకుండా సాగిపోయింది. వాసు కేక వేశాడు. ఎల్లారావు కేక వెయ్యలేదు, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నాది వాంతుల వల్ల వచ్చిన నీరని వాసు ఇప్పటికీ అంటాడు, అననివ్వండి.

వల వేశారు, తీశారు. కవ్వళ్ళనే చిన్న చేపలు పడ్డాయి, గొప్పగా కాదు, పోతమ్మ తట్ట నిండేటన్ని. మధ్యాహ్నానికి ఇంజిను మీదే ఒడ్డుకు వచ్చాం. పోతమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. ఇంజిను చప్పుడు చివరిదాకా విన్నది. పడవ ఇసుకకు తగలగానే చేపలు చూడలేదు, కొడుకునీ చూడలేదు, ఎల్లారావు దగ్గరికి వచ్చింది.

"రేపు నువ్వెక్కక్కర్లేదు" అంది. "ఆడే ఎల్తాడు."

ఆ ఊళ్ళో ఒక మెకానిక్కుకు అంతకంటే పెద్ద బహుమతి లేదు. ఎల్లారావు ఉప్పునీళ్ళతో చేతులు కడుక్కుంటూ తలెత్తాడు.

"ఎక్కుతానత్తా" అన్నాడు.

పోతమ్మ చేపల వైపు తిరిగింది. ఎల్లారావు తడి బట్టలతోనే ఇసుకలో నడుచుకుంటూ జగ్గయ్య దగ్గరికి వెళ్ళాడు. నేను ఒడ్డున వెల్లకిలా పడుకుని ఉన్నాను కాబట్టి నాకు మాటలు వినిపించాయి.

"అయ్యా" అన్నాడు. "రేపు గాలెటుంటాది?"

జగ్గయ్య చేతిలోని వల పక్కన పెట్టాడు. ఆకాశం వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. గాలి చూడటానికి అంతసేపు అక్కర్లేదని నాకు కూడా తెలుసు. వేళ్ళు లేని చేత్తో మొహం తుడుచుకుని, కొడుక్కి పక్కన చోటు చూపించాడు.

"కూకోరా, సెప్తాను" అన్నాడు.